ఆరు కంటే పది చిన్నది

మా ఆఫీసు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. ఒక బిస్కెట్ ఫ్యాక్టరీకి ఉద్యోగ దరఖాస్తుల యాప్ రాసింది నేనే. రాసేటప్పుడు నా అంతవాడు లేడనుకున్నాను. ఫోన్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఆరో వెర్షన్ కంటే పాతదైతే యాప్ తెరుచుకోకూడదు. ఆ తనిఖీకి ఒక్క లైను సరిపోయింది.

దరఖాస్తుల ఆఖరి రోజు మధ్యాహ్నం థెల్మా అనే ఆవిడ ఊరి చివర మనవాళ్ళుండే ఫీనిక్స్ పేట నుంచి రెండు షేర్ టాక్సీలు మారి మా దగ్గరికి వచ్చింది. తెల్లవాళ్ళ పాలన పోయి ఈ దేశంలో అందరికీ ఓటు వచ్చిన ఏడాది ఆ ఫ్యాక్టరీలో కాజువల్‌గా చేరిందట. పాతికేళ్ళయినా కాజువలే. ఇప్పుడు ప్యాకింగ్‌లో ఒకే ఒక్క పర్మనెంట్ పోస్టు పడింది. యాప్‌లో తప్ప దరఖాస్తు తీసుకోరు. అందుకోసమే కొత్త ఫోన్ కొంది. యాప్ మాత్రం ఆరో వెర్షన్ కంటే ఫోన్ పాతది పొమ్మంటోంది.

నేను తెలుగువాణ్ణని తెలిసి ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. చెరకు తోటల కూలికి ఓడెక్కి ఇక్కడికొచ్చిన ముత్తాతల నాటి తెలుగు బయటికి తీసింది.

"అయ్యా, ఫోను న్యూ. సిస్టం పది. ఆరు కంటే పది సిన్నదా?"

'సిన్నది' కాదమ్మా, 'చిన్నది' అనాలని నవ్వుతూ దిద్దాను. ఆవిడ సిగ్గుపడి, బుద్ధిగా తిరిగి పలికింది. షాపువాడు పాత ఫోన్ అంటగట్టి ఉంటాడని చెప్పి, నంబరు రాయించుకుని పంపేశాను. ఆ ఫోన్ చేతిలోకి తీసుకుని చూసిన పాపాన పోలేదు.

రెండు వారాల్లో అలాంటి ఫిర్యాదులే మరో నాలుగు వచ్చాక కోడ్ తెరిచాను. వెర్షన్లను సంఖ్యలుగా కాక అక్షరాల్లాగా పోల్చాను. అలా పోలిస్తే మెషీన్ మొదటి అంకెనే చూస్తుంది. పదిలో మొదటిది ఒకటి, కాబట్టి ఆరు కంటే పది చిన్నది. ఒకటో తరగతి పిల్లలు కూడా చెయ్యని తప్పు. ఆవిడ నా తప్పు చెబుతుంటే నేను ఆవిడ ఉచ్చారణ విన్నాను. సిగ్గేసింది.

లైను సరిచేసి థెల్మాకి ఫోన్ చేశాను. తప్పు నాదేనన్నాను. అప్పటికే పోస్టు వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది.

"నాకు సెప్పి ఏటి అయ్యా? ఆళ్ళకి సెప్పు."

సరేనన్నాను. చెబితే ఫ్యాక్టరీ కాంట్రాక్టు పోతుందని మా మేనేజర్ కీత్ అన్నాడు. నా వర్క్ పర్మిట్ పొడిగింపు కాగితం సంతకం కోసం అతని బల్ల మీదే ఉంది. థెల్మా ఫిర్యాదు కింద 'వాడినవారి పొరపాటు' అని నా చేత్తోనే రాసి మూసేశాను.