గుర్నాథం ముఖం

తెనాలిలో విగ్రహం చేయించుకునేవాళ్ళకి ఒక రోజు చెబుతారు. ఆ రోజు వెళ్ళి మట్టి బొమ్మ చూసుకోవాలి. ముక్కు, చెవులు, మెడ అన్నీ చూసుకుని సరేనంటే దాని మీద అచ్చు పోస్తారు. అచ్చు పడ్డాక ఇక దేవుడు దిగొచ్చినా ముఖం మారదు. ఎండకీ వానకీ అదే ముఖంతో నిలబడి ఉండాల్సిందే.

మా అన్నయ్య జీవన్ కుమార్ విగ్రహానికి అలా మట్టి చూడ్డానికి నేనూ, శ్రావణి వదినా వెళ్ళాం. అన్నయ్యకి రేపల్లెలో రొయ్యల మేత దుకాణం, అడవులదీవి దగ్గర చెరువులు ఉండేవి. ఒక ఉదయం చెరువు గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. సంవత్సరీకం నాటికి ఆ గట్టు మీదే నడుము దాకా విగ్రహం పెట్టించాలని వదిన పట్టుబట్టింది.

నాకు విగ్రహం కావాలనీ లేదు, వద్దనీ లేదు. అన్నయ్య పోయాక నాకు ఏదైనా కావాలనిపించడమే మానేసింది. బాపట్లలో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతాను. చెబుతూనే ఉన్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను, పేపర్లు దిద్దుతున్నాను. పన్ను పీకేముందు సూది వేస్తే చెంప మనది కానట్టు ఉంటుందే, మనిషి మొత్తం అలా ఉన్నాను. ఏడుపు రాలేదు. దహనం రోజూ రాలేదు, పెద్దకర్మ రోజూ రాలేదు. మా చుట్టాల లెక్కలో శోకాలు పెట్టకపోతే బాధ లేనట్టే. అది మనిషి కాదు, రాయి అన్నారు. రాయి నయం, కనీసం ఎండకి వేడెక్కుతుంది.

శిల్పి బసవలింగం గారి షెడ్డు ఊరి చివర ఉంది. లోపల తలలు లేని నాయకులూ, మొండేలు లేని తలలూ, మొక్కజొన్న పొత్తులా చుట్టి పెట్టిన దేవతలూ ఉన్నారు. ఆయన పెద్దాయన, అరవై దాటి ఉంటాయి. మా ముందు తడిగుడ్డ తీశారు.

గుడ్డ కింద ఎవరో మర్యాదస్థుడు ఉన్నాడు. పెళ్ళిచూపులకి వచ్చి స్వీటు వద్దన్నవాడిలా పెదవులు బిగించుకుని నేరుగా చూస్తున్నాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అచ్చం ఆయనే అంది. నేను కాదన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

బసవలింగం గారు విసుక్కోలేదు. ముక్కా అని అడిగారు, ముక్కు కాదు. చెవులా, చెవులు కాదు. మేమిచ్చిన ఫోటో పక్కన పెట్టి కొలిచి చూపించారు. ఫోటోకి వెంట్రుకవాసి తేడా లేదు. మా పెద్దనాన్న కొడుకు పెళ్ళిలో తీసిన ఫోటో అది. ఫోటోగ్రాఫరు కదలొద్దంటే అన్నయ్య ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు. మట్టిలోనూ అలాగే ఊపిరి బిగపట్టి ఉన్నాడు.

"మట్టికి పట్టుదల ఉండదమ్మా, ఎటు నొక్కితే అటు వస్తుంది. ఎక్కడ నొక్కాలో మీరు చెప్పాలి" అన్నారాయన. చెప్పలేకపోయాను. సంవత్సరీకానికి అందాలంటే ఎల్లుండి అచ్చు పోయాల్సిందేననీ, ఈలోగా ఏదైనా గుర్తొస్తే రమ్మనీ అన్నారు.

బయటికి వచ్చాక వదిన ఆటో ఎక్కబోతూ ఆగింది. తను అరిచే మనిషి కాదు. మెల్లగానే అంది.

"ఆయన పోయిన దగ్గర్నుంచీ నీ కంట్లో చుక్క నీరు చూళ్ళేదు నేను. ఇప్పుడొచ్చి బొమ్మకి వంకలు పెడతన్నావ్. అసలు మీ అన్నయ్య ముఖం నీకు గుర్తుందా సుష్మా?"

బాపట్ల ప్యాసింజరులో కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకుని చూశాను. గుర్తు లేదు. గడ్డం గుర్తుంది, నుదుటి మీద మచ్చ గుర్తుంది. వాటిని కలిపితే ముఖం రావడం లేదు. నలభై ఏళ్ళు చూసిన మనిషి ముఖం ఒక్క ఏడాదిలో ఎలా పోతుందో అర్థం కాలేదు. భయం వేయాలి. అది కూడా వేయలేదు. గట్టిగా ప్రయత్నిస్తే చివరికి వచ్చింది అన్నయ్య ముఖం కాదు, గుర్నాథం ముఖం.

గుర్నాథం అంటే ఎవరికీ తెలియదు. మా చిన్నప్పుడు కెప్టెన్ ప్రచండ అని ఒక బొమ్మల కథల పుస్తకం నెలనెలా వచ్చేది. ఆ కెప్టెనే ఇప్పుడు ఎవరికీ గుర్తు లేడు, ఇక అతని జీపు డ్రైవరు ఎవరికి గుర్తుంటాడు? తెనాలి స్టేషను రోడ్డులో హనుమంతరావు గారి అద్దె పుస్తకాల బడ్డీ ఉండేది. అన్నయ్య అక్కడి నుంచి పుస్తకం చొక్కాలో దోపుకుని తెచ్చేవాడు. నాకింకా చదవడం రాదు. మంచం కింద దూరి వాడు చదివేవాడు, నేను వినేదాన్ని. కెప్టెన్ ఏ పని చెప్పినా గుర్నాథం ముందు కింది పెదవి ముందుకి పెట్టి, ఎడమ కనుబొమ ఎత్తి, తల కాస్త పక్కకి వాల్చి, బేరం కుదరని కూరగాయల వాడిలా ఆలోచించేవాడు. ఆ తరువాత "చూద్దాం లెండి" అనేవాడు. మాంత్రికుడి గుహలోనైనా అంతే, మొసళ్ళ మడుగులోనైనా అంతే. ప్రపంచం తలకిందులైనా చూద్దాం లెండి.

అన్నయ్య పెద్దయ్యాక కూడా ఆ ముఖం పెట్టేవాడు. నాకు నచ్చని సంబంధం ఒకటి వద్దంటే ఇంట్లో అందరూ నా మీద పడ్డారు. అన్నయ్య గుమ్మంలో నిలబడి, నా వైపు చూసి, గుర్నాథం ముఖం పెట్టాడు. అంత గొడవలోనూ నాకు నవ్వు ఆగలేదు. తెగులు తగిలి చెరువులు పోయినప్పుడు నేను పరిగెత్తుకుంటూ వెళితే, అప్పుడూ అదే ముఖం.

మట్టిలో లేనిది అదేనని రైలు నిడుబ్రోలు దాటాక తట్టింది. కానీ వెళ్ళి ఏమని చెప్పను? ఏడవని ఆడబిడ్డ మాట ఎవరు నమ్ముతారు? అసలు బొమ్మ దొరికితే బసవలింగం గారికి చూపించవచ్చు, వదినకీ చూపించవచ్చు. మా అన్నయ్య జీవితమంతా ఇతన్ని అనుకరించాడు, ఇదిగో చూడండి అని చెప్పవచ్చు. చాలా రోజుల తరువాత నాకు ఒక పని చేయాలనిపించింది.

పాత తెలుగు కామిక్స్ పోగుచేసేవాళ్ళ గుంపు ఒకటి ఫోన్లో దొరికింది. అంతా బట్టతలల మగవాళ్ళు. కెప్టెన్ ప్రచండ ఎవరి దగ్గరైనా ఉందా అని అడిగితే ఒకే ఒక్కరు పలికారు. రేపల్లె నుంచి బర్నబాస్ గారట, రిటైరైన పోస్టుమాస్టరు. మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి చెరుకుపల్లి మీదుగా బస్సులో వెళ్ళాను.

ఇంటి ముందు గదిలో నేల కనిపించకుండా ట్రంకు పెట్టెలు. ఆయన భార్య రాహేలు గారు టీ ఇస్తూ, ఈ పిచ్చి మా ఆయనకొక్కడికే ఉందనుకున్నాననీ, తోడు దొరికినందుకు దేవునికి స్తోత్రమనీ అన్నారు. బర్నబాస్ గారు నా పేరు కంటే ముందు నాకు ఎవరు కావాలో అడిగారు. గుర్నాథం అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. కెప్టెన్ కోసం వచ్చారు, మాంత్రికుడి కోసం వచ్చారు, ఆ నల్లగుర్రం కోసం కూడా ఒకాయన ఒంగోలు నుంచి వచ్చాడు గాని గుర్నాథం ఎవరో తనకి తట్టడం లేదన్నారు. జీపు డ్రైవరని చెప్పాను.

పెట్టెలోంచి తీసి ఒక్కొక్కటే నా ఒళ్ళో పెట్టారు. అట్టలు చూడగానే పోల్చుకున్నాను. మాంత్రికుడి గుహ ఉంది, మొసళ్ళ మడుగు ఉంది. పేజీలు తిప్పుతూ పోయాను. ఆయన దగ్గర ఉన్నవన్నీ చూశాను.

జీపు ఉంది. డ్రైవరు ఉన్నాడు. అతనికి ముఖం లేదు.

నిజంగానే లేదు. చాలా చోట్ల వెనక నుంచి వేశారు, టోపీ, భుజాలు, అంతే. ఒక్క చోట పక్క నుంచి కనిపించాడు. అక్కడ కన్ను ఒక చుక్క, నోరు ఒక గీత. బొమ్మ వేసినతనికి తొందరేదో ఉన్నట్టుంది. మొత్తం పుస్తకాల్లో అతను మాట్లాడింది ఒకే మాట, "అలాగే సార్". గుర్నాథం అన్న పేరు ఎక్కడా లేదు. గుహలో అతను లేడు. మడుగులోనూ లేడు. జీపు దిగిన కెప్టెన్ ఒక్కడే లోపలికి వెళ్ళాడు.

పొరపాటు పడ్డానేమోనని మళ్ళీ మొదటి నుంచీ తిప్పాను. బర్నబాస్ గారు పాపం తనదే తప్పన్నట్టు, తడిసిపోయిన సంచికలు కొన్ని ఉండేవమ్మా అన్నారు. తడిసిన వాటిలో కూడా ఉండడని నాకు అప్పటికే తెలిసిపోయింది.

గుహ బొమ్మ చూస్తూ కూర్చున్నాను. పుర్రెలు, మంటలు, మాంత్రికుడి గోళ్ళు. అయిదేళ్ళ పిల్లకి చూపించాల్సిన బొమ్మ కాదు. ఆ పేజీ రాగానే నేను అన్నయ్య చెయ్యి పట్టుకునేదాన్ని. నేను భయపడతానని వాడు డ్రైవరుకి ఒక పేరు పెట్టి, ఒక మాట పెట్టి, గుహలోకి కూడా తీసుకొచ్చాడు. ముఖం లేని మనిషికి తన ముఖం పెట్టాడు. నేను అన్నయ్యని చూస్తూ గుర్నాథాన్ని చూస్తున్నాననుకున్నాను. అన్నయ్య ఎవరినీ అనుకరించలేదు. అది మొదటి నుంచీ వాడి ముఖమే. నాకు గుర్తుంది. వేరే పేరుతో గుర్తుంది, అంతే.

ఇంత తెలిశాక కూడా కళ్ళు పొడిగానే ఉన్నాయి. టీ చల్లారిపోయిందని రాహేలు గారు మళ్ళీ వేడిచేసి ఇచ్చారు. తాగి, దండం పెట్టి వచ్చేశాను.

ఆ సాయంత్రం వదిన ఇంటికి వెళ్ళాను. రేపు ఒక్కసారి నాతో తెనాలి రా, ఆ తరువాత నువ్వు ఎలా అంటే అలాగే అచ్చు పోయిద్దాం అన్నాను. ఎందుకని తను అడగలేదు, నేను చెప్పలేదు. చెబితే కథలా ఉంటుంది. అన్నం పెట్టింది. ఇద్దరం టీవీ చూస్తూ తిన్నాం. పొద్దున్నే రేపల్లెలో రైలెక్కాం.

షెడ్డులో బసవలింగం గారు అచ్చుకి పొడి కలిపే తొట్టి కడుగుతున్నారు. ఏమైనా బొమ్మ తెచ్చారా అని అడిగారు.

"బొమ్మ లేదు బాబాయ్ గారూ. నేనే పెట్టి చూపిస్తాను. నవ్వుకోకండి" అన్నాను.

ఆయన గుడ్డ తీసి, చేతులు తడుపుకుని నిలబడ్డారు. వదిన ఒక పక్కన కడ్డీల కట్ట మీద కూర్చుంది. నేను ఆ ముఖం ఎప్పుడూ పెట్టలేదు. చూసేదాన్నే గాని నాకెందుకు పెట్టాల్సి వస్తుంది? సిగ్గేసింది. నలభై అయిదేళ్ళ లెక్చరర్ని, తలలు లేని నాయకుల మధ్య నిలబడి కింది పెదవి ముందుకి పెట్టాను. ఎడమ కనుబొమ ఎత్తాను. మొదట రాలేదు, రెండూ లేచిపోయాయి. మళ్ళీ ప్రయత్నించాను. తల కాస్త పక్కకి వాల్చాను. అప్పుడు ముఖం లోపల ఏదో దాని చోట్లోకి వెళ్ళి కూర్చున్నట్టు తెలిసింది. అద్దం అక్కర్లేకపోయింది.

బసవలింగం గారు నా వైపోసారి, మట్టి వైపోసారి చూశారు. బొటనవేలితో మట్టి పెదవిని కింద నుంచి ముందుకి నెట్టారు. కనుబొమ మీద చిన్న ముద్ద అతికించి గీశారు. మెడ దగ్గర రెండు చేతులూ వేసి తలని వాల్చారు. ఊపిరి బిగపట్టిన మర్యాదస్థుడు కొంచెం కొంచెంగా వెళ్ళిపోతున్నాడు.

వదిన ఎప్పుడు లేచి వచ్చిందో నేను చూడలేదు. ఆవిడ మట్టిని చూడటం లేదు. నా ఎదురుగా నిలబడి నన్నే చూస్తోంది. తన చెయ్యి నా చెంప దాకా వచ్చి ఆగిపోయింది.

"ఏవండీ" అంది.

పిలిచాక తనకే తెలిసి నోరు మూసుకుంది. నాకు మాత్రం అప్పటికే లోపల తెగిపోయింది. ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయో, నీళ్ళు ఒక్కసారిగా వచ్చేశాయి. చెంపల మీదుగా, గడ్డం మీదుగా, జాకెట్టు మీదకి కారిపోతున్నాయి. అన్నయ్య లేడు. ఈ ముఖం పెట్టేవాడు ఇక లేడు, నేను పెడితే తప్ప. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తబోయాను.

"కదలకండమ్మా, పెదవి కాస్త మిగిలింది" అన్నారు బసవలింగం గారు.

చెయ్యి దించేశాను. వదిన తన కొంగుతో నా చెంపలు ఒత్తుతోంది, ముఖం చెదరకుండా. పెదవి వణుకుతోంది, దాన్ని అలాగే ముందుకి పెట్టి ఉంచాను. ఆయన చాలు అనేదాకా ఏడుస్తూ అలాగే నిలబడ్డాను.