ఎర్రబడకూడని పదో గడి

కత్తెరక్క వీపు మీద ఏం జరిగినా ఎర్రబడకూడని గడి ఒకే ఒక్కటి ఉంది; శుక్రవారం ఉదయం పదిన్నరకి డాక్టరమ్మ గౌను పక్కకి తప్పించి చూసేసరికి సరిగ్గా అదే ఎర్రగా పొంగి ఉంది.

"సిస్టర్, ఒకసారి ఇలా రండి," అంది డాక్టరమ్మ, గొంతు బాగా తగ్గించి.

బల్ల మీద బోర్లా పడుకున్న మనిషిని భయపెట్టడానికి అంతకంటే ఏం కావాలి? కత్తెరక్క దిండులోంచి తల ఎత్తింది.

"ఏమైందమ్మా? గట్టిగానే చెప్పండి. వీపు నాదే కదా!"

"కదలకండి అక్కా. ఒక్క నిమిషం."

మార్కెట్ వెనక వీధిలో రెండు కుర్చీల పార్లర్ ఆమెది. ఇరవై రెండేళ్ళుగా ఆ వీధి ఆడవాళ్ళ జుట్టంతా ఆమె చేతుల మీదుగానే పోయింది కాబట్టి అసలు పేరు అందరూ మరిచిపోయారు. చిన్నా పెద్దా అందరికీ కత్తెరక్కే. చివరికి డాక్టరమ్మకి కూడా. నెల నెలా ఆమె దగ్గరే జుట్టు కత్తిరించుకుంటుంది మరి.

అలాంటి చేతులకి ఎనిమిది నెలలుగా దురద, పగుళ్ళు. వేళ్ళ సందుల్లో నీరు కారుతుంది. దువ్వెన పట్టుకుంటే మంట. ఒకదాని మీద ఒకటి రెండేసి జతల రబ్బరు గ్లవ్స్ వేసుకున్నా తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. పార్లర్‌లో ముప్పాతిక పని జుట్టుకి రంగు వేయడమే. ఆ రంగే పడటం లేదని తేలితే ఇక కత్తెర మూల పెట్టుకోవడమే. పైగా షాపు గదికి ఇంకో మూడేళ్ళు సంతకం పెడుతుందో లేదో ఈ సాయంత్రం ఆరింటికల్లా యజమానికి చెప్పాలి. ఆయన అల్లుడు అక్కడ మందుల షాపు తెరవడానికి బోర్డు కూడా రాయించుకుని కూర్చున్నాడు.

అందుకే ఈ పరీక్ష. సోమవారం పొద్దున నర్సు ఆమె వీపుకి అరచేయంత పట్టీ ఒకటి అంటించింది. అందులో పది చిన్న బిళ్ళలు, ఒక్కో బిళ్ళలో ఒక్కో మందు నలుసంత. ఎడమ వరసలో పైనుంచి కిందికి ఒకటి నుంచి ఐదు. కుడి వరసలో ఆరు నుంచి పది. చర్మం మీద పక్కనే ఊదా రంగు పెన్నుతో నంబర్లు వేసింది. రెండు రోజులు స్నానం వద్దు, చెమట పట్టకూడదు, గోకకూడదు. బుధవారం పట్టీ తీసేసింది. ఏ గడి ఎర్రబడితే ఆ మందు ఒంటికి పడనట్టు. ఆ తీర్పు చెప్పే రోజు ఇవాళ.

"రెండు గడులు ఎర్రబడ్డాయి అక్కా," అంది డాక్టరమ్మ. "ఒకటి, మూడో నంబరు."

"మూడంటే?"

"హెయిర్ డైలో ఉండే మందు."

కత్తెరక్కకి ఇరవై రెండేళ్ళు ఒక్కసారిగా వీపు మీదకెక్కి కూర్చున్నట్టయింది.

"రెండోది?"

"అదే అర్థం కావట్లేదు. పదో నంబరు. అందులో వట్టి వాజిలీన్. కావాలనే ఏమీ కలపకుండా పెడతాం, మిగతా వాటితో పోల్చుకోవడానికి. అది ఎర్రబడిందంటే మొత్తం పరీక్షనే నమ్మడానికి లేదు."

"అయితే మూడో నంబరు కూడా అబద్ధమేనా?"

"అబద్ధమనీ చెప్పలేను, నిజమనీ చెప్పలేను. ఆరు వారాలు ఆగి మళ్ళీ చేద్దాం. అప్పటిదాకా రంగు ముట్టుకోకండి."

"ఆరు వారాలా! నాకు సాయంత్రం ఆరు గంటల దాకే టైముందమ్మా!"

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని ఆమె తల దగ్గర కూర్చుంది. "నిజం చెప్పండి. స్నానం చేశారా?"

"చేసుంటే మా ఆయన సోఫాలో ఎందుకు పడుకుంటాడు?"

"గోక్కున్నారా?"

కత్తెరక్క ముఖం మళ్ళీ దిండులోకి దించుకుంది. "దువ్వెన తోకతో... పట్టీ పక్కన... కాస్త."

"కాస్త అంటే?"

"పట్టీ మీద మాత్రం కాదమ్మా, ఒట్టు!"

డాక్టరమ్మ చూపు నర్సు వైపు తిరిగింది. నర్సు ముఖం ధుమధుమలాడింది. "నావైపు చూడకండి డాక్టర్. ఈ పట్టీలు నేను అంటించడం మొదలుపెట్టేటప్పటికి మీరింకా స్కూల్లో ఉన్నారు. నంబరు తర్వాత నంబరు, కార్డు ఎదురుగా పెట్టుకుని నింపాను."

"నేనేమీ అనలేదు సిస్టర్."

"కళ్ళతో అన్నారు."

కత్తెరక్క లేచి కూర్చుంది. గౌను ముందు వైపు అదిమి పట్టుకుని, ఇంకో చేత్తో సంచిలోంచి చేతి అద్దం బయటికి తీసింది. కటింగ్ అయ్యాక కస్టమర్లకి వెనక జుట్టు చూపించే అద్దం. "ఊళ్ళో వాళ్ళందరికీ వాళ్ళ వెనక ఏముందో ఇన్నేళ్ళుగా చూపిస్తున్నాను. నా వెనక ఏముందో నేను చూసుకోవద్దా?" అంటూ వాష్‌బేసిన్ మీద అద్దానికి వీపు పెట్టి నిలబడింది.

రెండు అద్దాల్లో చూస్తే కుడి కుడిలాగే, ఎడమ ఎడమలాగే కనిపిస్తుంది. అది ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు మచ్చలు. ఒకటి కుడి వరసలో అట్టడుగున, ఇంకోటి ఎడమ వరసలో నట్టనడుమ. బటాణీ గింజంత, ఎర్రగా, చిన్న చిన్న పొక్కులతో. మిగతా వీపంతా శుభ్రంగా ఉంది.

అప్పుడే బయట ఠంగుమని ఏదో కింద పడింది. నర్సు తలుపు కాస్త తెరిచి చూసి మూసేసింది.

"కత్తెరక్కా, మీ ఆయన మా గోడ గడియారం విప్పేస్తున్నారు. కుర్చీ నిండా పళ్ళ చక్రాలే."

"అది నడుస్తోందా?"

"రెండు నిమిషాలు వెనక నడుస్తోంది, అంతే."

"ఇక అది కూడా నడవదు." కత్తెరక్క నిట్టూర్చింది. భర్తకి మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే షాపు ఉంది. మూత ఉన్న వస్తువు కనిపిస్తే విప్పి లోపల చూడకుండా ఉండలేడు. తిరిగి బిగిస్తాడు కూడా. కాకపోతే ప్రతిసారీ ఒక స్క్రూ మిగులుతుంది. "ఇంట్లో ఫ్యాను రెగ్యులేటరు బాగానే ఉండేది సిస్టర్. లోపల దుమ్ము ఉంటుందని విప్పాడు. ఇప్పుడు ఒకటి మీద పెడితే తుఫాను, ఐదు మీద పెడితే రెక్క కదలదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకోవాలి, మా ఇంట్లో ఒకటంటే ఐదు, ఐదంటే..."

 చేతి అద్దం మెల్లగా కిందికి దిగింది.

"డాక్టరమ్మా, ఆ పట్టీకి పై వైపు ఏదో, కింది వైపు ఏదో చూస్తే తెలుస్తుందా?"

"తెలీదు. రెండు వైపులా ఒకేలా ఉంటుంది. అందుకేగా చర్మం మీద నంబర్లు వేస్తాం."

"ఎవరైనా దాన్ని ఊడదీసి, తలకిందులుగా అంటిస్తే?"

డాక్టరమ్మ బల్ల మీది కార్డు తీసుకుని, గుండ్రంగా తిప్పి తలకిందులు చేసింది. పది ఉండాల్సిన మూలకి ఒకటి వచ్చింది.

"ఒకటి అంటే నికెల్," అంది నెమ్మదిగా. "నకిలీ నగల్లో ఉండే లోహం."

"పదహారో ఏటి నుంచీ నాకు నకిలీ కమ్మలు పడవు! పెట్టుకున్న గంటకే చెవులు రసి కారతాయి!"

"మూడు ఉన్న చోటికి..." డాక్టరమ్మ వేలు కార్డు మీద జరిగింది. "ఎనిమిది. రబ్బరు గ్లవ్స్ తయారీలో కలిపే మందు."

ముగ్గురూ ఒకేసారి కత్తెరక్క చేతుల వైపు చూశారు. ఎరుపు వేళ్ళ నుంచి మణికట్టు దాకా పాకి, అక్కడ స్కేలు పెట్టి గీసినట్టు ఆగిపోయింది. సరిగ్గా గ్లవ్ అంచు దగ్గర.

"ఈ మందపాటి గ్లవ్స్ ఎప్పుడు మొదలుపెట్టారక్కా?"

"తొమ్మిది నెలలయింది. అంతకుముందు పల్చటి ప్లాస్టిక్‌వి. చేతులు పదిలంగా ఉంటాయని..." కత్తెరక్క చేతులు తిప్పి చూసుకుంది. "దురద పెరిగింది కదా అని ఇంకో జత కూడా తొడిగాను!"

"నేనైనా అలాగే చేసేదాన్ని," అంది నర్సు జాలిగా.

డాక్టరమ్మ కళ్ళు మెరుస్తున్నాయి కానీ గొంతు మాత్రం తొందరపడలేదు. "ఇదే నిజమైతే రంగు మందు ఎనిమిదో నంబరు చోటికి వచ్చింది. అక్కడ చర్మం మామూలుగానే ఉంది. అంటే గ్లవ్స్ మారిస్తే చాలు, మీ పని మీరు చేసుకోవచ్చు. మీ గ్లవ్ ముక్క ఒకటి విడిగా అంటించి ఖాయం చేసుకుంటాను. కానీ అక్కా, ఇప్పటికిది ఊహే. పట్టీ ఊడిందని, అదీ సోమవారమే, అంటించిన కాసేపటికే ఊడిందని ఎవరైనా చెప్తేనే ఈ లెక్క నిలబడుతుంది."

"ఎవరైనా ఏంటి?" కత్తెరక్క గౌను ముడి బిగించుకుంది. "సిస్టర్, ఆ గడియారాల డాక్టరు గారిని లోపలికి పంపండి."

ఆయన వచ్చాడు. పెదాల మధ్య స్క్రూ, చేతిలో నిమిషాల ముల్లు. ముగ్గురు ఆడవాళ్ళు మాట్లాడకుండా తననే చూస్తుంటే స్క్రూ తీసి జేబులో వేసుకున్నాడు.

"ఏమోయ్, రిజల్టు ఏమొచ్చింది?"

"ఏమండీ, సోమవారం పొద్దున ఇంటికి రాగానే నేను బోర్లా పడుకుని కునుకు తీశాను కదా. అప్పుడు మీరేం చేస్తున్నారు?"

"నేనా? పేపరు చదువుతున్నా."

"సోమవారం మనకి పేపరు రాలేదు."

"అయితే ఆదివారం పేపరు." ఆయన పైకి చూశాడు. పైన ఫ్యాన్ ఉంది. చూపు అక్కడే అతుక్కుపోయింది. "డాక్టరమ్మ గారూ, ఈ ఫ్యాను కాస్త శబ్దం చేస్తున్నట్టుంది. ఒక్కసారి విప్పి..."

"ఫ్యాను జోలికి పోకండి!" నర్సు అడ్డంగా నిలబడింది.

కత్తెరక్క కోప్పడలేదు. అదే ఆయన్ని కంగారు పెట్టింది. ఆమె రెండు చేతులూ ఆయన ముందు చాపింది, పగిలిన వేళ్ళతో సహా. "ఎవరూ పట్టీ ముట్టుకోకపోతే నాకు రంగు పడనట్టేనండీ. ఆరింటికి వెళ్ళి గది వదిలేస్తున్నానని చెప్పేస్తాను. ఎవరైనా ముట్టుకుని ఉంటే మాత్రం షాపు నిలబడుతుంది. ఇప్పుడు చెప్పండి, ఎవరైనా ముట్టుకున్నారా?"

ఆయన ఆ చేతుల వైపు చూశాడు. డాక్టరమ్మ వైపు చూశాడు. నిమిషాల ముల్లు బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు.

"ముట్టుకున్నానోయ్. నేనే. నువ్వు ఇంటికొచ్చి అలా వాలావో లేదో నిద్రపోయావు. పట్టీ అంటించి అప్పటికి అరగంట కూడా అయుండదు. చూస్తే ఒక మూల కాస్త లేచి ఉంది. నొక్కుదామనే చెయ్యి పెట్టాను, నీ మీద ఒట్టు. కానీ కింద ఏదో మెరిసింది. చిన్న చిన్న గిన్నెల్లాంటి బిళ్ళలు, బొమ్మరింట్లో సామానులా. ఇంకొంచెం ఎత్తితే ఇంకో రెండు కనబడ్డాయి. అన్నీ చూద్దామనిపించింది. మొత్తం చేతిలోకి వచ్చేసింది. అప్పుడు నువ్వు మూలిగావు. గుండె ఆగినంత పనయింది. గబుక్కున అంటించేశాను. ఏ వైపు పైనో నాకేం తెలుసు, రెండు వైపులా ఒకేలా ఉంది! మామూలుగా ఏది విప్పినా ముందు పెన్సిల్‌తో ఒక గీత గీసుకుంటాను, తిరిగి బిగించేటప్పుడు తప్పు రాకుండా. కానీ నీ వీపు మీద గీత గీయడానికి ధైర్యం చాల్లేదోయ్. బుధవారం సిస్టర్ గారు ఏమీ అనకుండా తీసేశారు కదా, గండం గడిచిందనుకున్నా. తిట్టు, ఎంతైనా తిట్టు. కానీ ఒక్క మాట విను... ఈసారి ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు. అందుకే సరిగ్గానే బిగించాననుకున్నా."