ఇది నీరు కాదు

నీరైతే కాళ్లకి పట్టాలి కదా, చీలమండ మీద వేలితో నొక్కి చూశాను, గుంట పడలేదు, ముఖమూ ఉబ్బలేదు, మరి ఈ టైలరమ్మ బరువు వారం వారం ఎందుకు పెరుగుతోంది, బరువు పెరిగితే నీరే, నీరైతే లాగెయ్యడమే, డయాలసిస్ గదిలో నర్సులందరికీ వచ్చిన లెక్క ఇదొక్కటే, పోయినసారి అలాగే లాగితే బీపీ ఢమాల్న పడి పిక్కలు పట్టేసి గిలగిల్లాడింది, దొంగచాటుగా ఎన్ని చెంబులు తాగావే అని పెద్ద సిస్టర్ కేకలేస్తే, ఒట్టు సిస్టర్, నాలుక పిడచకట్టుకుపోతోంది అంది పాపం, ఇవాళ మిషన్ తగిలిస్తుంటే, అక్కా, నా జాకెట్లన్నీ ఛాతీ దగ్గర కుట్లు విప్పుకున్నా, ఊరందరి కొలతలు తీసేదాన్ని, నా కొలతే నాకు అంతు చిక్కట్లేదు అని నవ్వింది, ఛాతీ దగ్గరా, నీళ్లు లాగే బటన్ మీదే నా చెయ్యి ఆగిపోయింది, నెలసరి ఎప్పుడొచ్చిందే అన్నాను, భలేదానివక్కా, కిడ్నీలు పోయినప్పట్నుంచీ అదొక చుట్టం, బుద్ధి పుడితే వస్తుంది, అయినా నాకింక పిల్లలు పుట్టరని మీరేగా చెప్పారు, అవును, అరుదు అనాల్సిన చోట అసలు జరగదు అనేశాం.

ఆపేశాను, నీళ్లు లాగడం ఆపేశాను, రక్తం శుభ్రమవుతోంది చాలు, పెద్ద సిస్టర్ పరుగున వచ్చింది, కడుపేమో సిస్టర్ అన్నాను, మతిగానీ పోయిందా నీకు, డయాలసిస్ మనిషికి కడుపేంటే, మోడు చిగురిస్తుందా, చిగురిస్తే మీ సొమ్మేం పోయింది సిస్టర్ అన్నాను, నా నోరేనా అది, మూత్రమే రాని మనిషికి ఇంట్లో చేసే పరీక్ష ఎక్కడ కుదురుతుంది, రక్తపరీక్ష కూడా వీళ్ల దగ్గర ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది, స్కానే దిక్కు, ఫోన్ చేస్తే డాక్టరమ్మ స్కాన్ మిషన్ తోసుకుంటూ వచ్చేసింది, కర్టెన్ లాగాం, జెల్ చల్లగా ఉందని టైలరమ్మ కిలకిలలు, స్క్రీన్ నిండా బూడిదరంగు, బూడిదరంగు, అదిగో, గింజంత గుండె, మిణుకు, మిణుకు, మిణుకు, డాక్టరమ్మ ఊపిరి బిగబట్టింది, ఓరి దేవుడో అని గట్టిగా అరిచింది ఎవరనుకున్నారు, పెద్ద సిస్టరే.

డాక్టరమ్మ ఏదీ దాచలేదు, కష్టమమ్మా, బిడ్డ నిలవకపోవచ్చు, నీకూ ప్రమాదమే, ఉంచుకుంటే దాదాపు రోజూ ఇక్కడికి రావాలి, మీ ఆయన్ని అడిగి చెప్పు, టైలరమ్మ స్క్రీన్ మీంచి కళ్లు తిప్పలేదు, ఆయనకి చెప్తాను డాక్టరుగారూ, అడగను, సూదులు గుచ్చేది నాకు కదా, రోజూ వస్తా, నా కుట్టుమిషన్ ఇక్కడే పెట్టుకోనిస్తారా అంది, అందరం పక్కున నవ్వేశాం, పెద్ద సిస్టర్ కళ్లు తుడుచుకుంటూనే తిట్టింది, ఇకనుంచి ఈ అమ్మాయి ఉండాల్సిన బరువు వారం వారం పెంచుతూ పొమ్మంది డాక్టరమ్మ, పెంచడమా, ఈ గదిలో ఎవరి బరువు కాస్త పెరిగినా మాకు చిరాకు, ఇన్నేళ్లూ దించడమే నా ఉద్యోగం, ఇప్పుడు ఈ పిల్ల తూకం మిషన్ ఎక్కినప్పుడల్లా ముల్లు ముందుకి జరగాలి, జరగకపోతేనే నేను భయపడాలి.