మూత వేసినా కనిపించిన మెరుపు

నేను ఒక జర్మేనియం స్ఫటికాన్ని, అరచేతిలో ఇమిడే బూడిదరంగు బిళ్ళని. కొలిమిలో కరిగించి, నెమ్మదిగా పైకి లాగుతూ నన్ను పెంచారు. నాలో రవ్వంత మలినం కూడా ఉండకూడదని వాళ్ళ పట్టుదల. తమ విషయంలో మనుషులకు అంత పట్టింపు ఉన్నట్టు నాకు కనిపించలేదు.

హైదరాబాదులో నన్ను అందుకున్న శాస్త్రవేత్త పేరు వకుళ. నన్ను ఒక పెట్టెలో బిగించి, మేడంత బెలూనుకి కట్టి, గాలి దాదాపు లేని ఎత్తుకి పంపింది. అక్కడి నుంచి దూరాన ఉన్న గెలాక్సీల గుంపును చూశాను. తర్వాత పారాచూట్‌తో తాండూరు దగ్గర ఒక కందిచేలో పడ్డాను. చేను సాయమ్మది. పెట్టె విప్పుదామని వచ్చినవాళ్ళందరినీ అదిలించి, వకుళ జీపులో వచ్చేదాకా పక్కనే కూర్చుంది.

"గీ డబ్బా ఆకాశంల ఏం దేవులాడిందమ్మా?" అని అడిగింది వకుళని.

వకుళ గట్టు మీద చతికిలబడింది. "న్యూట్రినోలని చాలా చిన్న కణాలున్నాయమ్మా. మనలోంచే దూసుకుపోతుంటాయి, మనకు తెలియదు. వాటికి ఇంకో తోబుట్టువు ఉందేమోనని అనుమానం. స్టెరైల్ న్యూట్రినో అంటాం. అది దాదాపు దేన్నీ తాకదు. గెలాక్సీలు చెదిరిపోకుండా పట్టి ఉంచే కనిపించని బరువు అదేనేమో! ఎప్పుడో ఒకటి విరిగితే చిన్న ఎక్స్‌రే మెరుపు వస్తుందట. ఆ మెరుపు కోసమే."

సాయమ్మ తన మోచేయి తడుముకుంది. "గట్లయితే ఇప్పుడు గూడ నా లోపలికెల్లి పోతున్నయా?"

"మామూలువి పోతూనే ఉన్నాయి. ఆ తోబుట్టువు ఉంటే, అది కూడా."

సాయమ్మ చేను వైపూ ఆకాశం వైపూ చూసి, పెట్టెను జీపు ఎక్కించడానికి తనూ ఒక చెయ్యి వేసింది.

నేను తెచ్చిన సమాచారంలో ఒక మెరుపు తేలింది. వెంటనే ప్రకటిద్దామన్నారు సహచరులు. సంతోషంతో వకుళకి అన్నం సయించలేదు. అయినా, సరిచూసుకోవడానికని పైన కాసేపు నాకు మూత వేసి ఉంచినప్పటి రికార్డు కూడా తెరిచింది. ఆకాశమే కనిపించని ఆ సమయంలోనూ అదే మెరుపు! అది నాదే. మూతను కూడా దాటివచ్చే విశ్వకిరణాలు తగిలి నా ఒంట్లోని పరమాణువులే వెలిగాయి.

"అది ఆకాశం నుంచి రాలేదు," అని అందరి ముందూ చెప్పి, మూత వేసినప్పటి రికార్డు చూపించింది.

"అయితే ఆ కణం లేనట్టేనా మేడం?" అని అడిగాడొక సహచరుడు.

"లేదనీ తేలలేదు. మళ్ళీ చూద్దాం."

కిందపడ్డప్పుడు నాలో పగులు వచ్చింది. అందుకే ఇప్పుడు కిటికీ పక్కన గాజు అరలో ఉన్నాను. ఈ ఉదయం కొత్త స్ఫటికంతో ఇంకో బెలూను లేచింది. నేను ఎగిరిన రోజున పెట్టెలో ఉండి కింద ఏం జరిగిందో చూడలేదు. ఇవాళ చూశాను. ఉందో లేదో తెలియని దానికోసం, కిటికీ బయట మైదానం నిండా మనుషులు తలలెత్తి నిలబడ్డారు.