పొయ్యి రాజేసే కవర్లు

సముద్రం ఊరికే ఇచ్చేదాన్ని వదులుకోకూడదని శౌరమ్మ పట్టుదల. బందరు అవతల ఒడ్డున ఎండుచేపలు అమ్ముకునే ఆమె పిసినారి కాదు, జాగ్రత్త మనిషి. ఆ తేడా ఊళ్ళో ఆమె ఒక్కదానికే తెలుసు. రేషన్ కిరోసిన్ చాలడం లేదని, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ కవర్లు కడిగి, ఎండబెట్టి, పొయ్యి పక్కన మేకుకు గుచ్చేది. సరుగుడు పుల్లల కింద ఒక్క కవరు పెట్టి అగ్గిపుల్ల గీస్తే భగ్గున అంటుకునేది.

కవర్లు ఏరే పని ఆరేళ్ళ మనవరాలు డయానాది. తల్లిదండ్రులు రొయ్యల చెరువుల దగ్గర పనికి పోతే ఆ పిల్లకు మామ్మే లోకం.

ఆ చలికాలం డయానాకు దగ్గు పట్టుకుంది. పిల్లికూతలు, ఆయాసం. చలిగాలి పడలేదనుకుంది శౌరమ్మ. పొద్దునా సాయంత్రం పొయ్యి మీద వావిలాకు మరిగించి, పిల్లను అక్కడే కూర్చోబెట్టి ఆవిరి పట్టించింది. పట్టించిన కొద్దీ ఆయాసం ఎక్కువైంది. పిల్ల మాట పూర్తిచేయలేక మధ్యలో ఆగిపోతుంటే హడలిపోయి పిల్లతో బెజవాడ బస్సెక్కింది.

గవర్నర్‌పేట ఆసుపత్రిలో నర్సు పిల్లను పక్కగదికి తీసుకెళ్ళి మందు పీల్పిస్తుంటే, ఇంట్లో చుట్ట, బీడీ తాగేవాళ్ళున్నారా అని డాక్టరు గారు అడిగారు. అలాంటి అలవాట్లు తమ ఇంట లేవని శౌరమ్మ గర్వంగా చెప్పింది. పొయ్యి దేంతో రాజేస్తారంటే కవర్ల సంగతీ, పిల్లకు పట్టిస్తున్న ఆవిరి సంగతీ ఇంకా గర్వంగా చెప్పింది. ఆయన రాయడం ఆపారు.

“ఆ పొగ పిల్లకు విషం అమ్మా. ఆవిరి పట్టించిన పొయ్యి కూడా వాటితోనే రాజేశారా?”

“రోజుకు రెండుసార్లండీ,” అంది. అన్నాక తనేం చేసిందో ఆమెకు అర్థమైంది.

తిరుగు బస్సులో ఒళ్ళో నిద్రపోతున్న పిల్ల ఊపిరినే వింటూ కూర్చుంది. ఇల్లు చేరగానే మేకుకున్న కవర్లన్నీ పీకి గోనెలో కుక్కింది. మర్నాడు పొద్దున్నే కొబ్బరి పీచుతో పొయ్యి రాజేయలేక తంటాలు పడుతుంటే, మందు పనిచేసి తేలికపడ్డ డయానా ఒడ్డు నుంచి పరిగెత్తుకొచ్చింది. గౌను నిండా తడి కవర్లు.

“నీలంవే ఏరానే మామ్మా. తొందరగా అంటుకుంటాయిగా. నా ఆవిరికి.”

శౌరమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచింది. ఏరడం నేర్పింది తనే, నీలంవి బాగా మండుతాయని చెప్పిందీ తనే. పిల్లను దగ్గరకు లాక్కుని కవర్లు తీసుకుంది. కాల్చడానికి లేదు. గోనె నిన్ననే నిండిపోయింది. సముద్రంలో వేస్తే అది రేపు మళ్ళీ ఈ పిల్ల కాళ్ళ దగ్గరికే తెచ్చి పడేస్తుంది. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక, నీళ్ళు కారుతున్న ఆ కవర్లతో శౌరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.