తేడా లేదన్న మాట

నీలజలదమాలికలు గంభీరగర్జనములు సేయుచు విజయనగరప్రాంత గిరిసానువులను ధారాపాతముగ నభిషేకించుచున్న శ్రావణప్రభాతమున నగరోపాంతమందలి పరిశోధనాలయ మూషికశాలలోనికి మాత్రము వానచినుకు గాని వెలుగురేక గాని చొరకుండెను. గవాక్షరహితమైన యా మందిరమున పగలును రాత్రియు విద్యుద్దీపముల యాజ్ఞకు లోబడి వచ్చుచు పోవుచుండెను. అచ్చట శ్వేతమూషికములు రెండు పంక్తులుగా పంజరములందుండెను. ఇరుపంక్తుల చుట్టును రాగితీగచుట్టలే యమర్పబడియుండెను గాని యొకదానియందు విద్యుత్తు ప్రవహించి అయస్కాంతక్షేత్రమును బుట్టించుచుండ రెండవది వట్టి తీగయై యుండెను. ఏ పంక్తి యేదియో మేత వేయువారికి సయితము చెప్పకుండుట యచ్చటి కట్టుబాటు. లుకేమియా యనబడు నెత్తుటికర్కటవ్యాధికి లోనగు వంశమునబుట్టిన యా యల్పప్రాణులు విద్యుత్తీగలు వ్యాధి పుట్టించునా యను మానవుల సందేహమొకటి తీర్చుటకై ప్రాణములు విడుచుచుండెను. వాని యనుమతి నడిగినవారు లేరు.

ఆ పరిశోధనకు అధిపతి కాదంబినీదేవి. పొరుగు వైద్యశాలయందు బంగార్నాయుడను కృషీవలుని కూతురు పైడితల్లి యదే వ్యాధిచే మంచము పట్టియుండెను. తన యింటిమీదుగా బోవు హైటెన్షన్ తీగలే బిడ్డ నెత్తురు త్రాగుచున్నవని నమ్మి చేతులార కట్టుకొన్న యింటిని చేతులార పడగొట్టుకొని దూరముగా పాక వైచుకొనిన దీనుడతడు. ఎలుకల సంగతి తేలగానే తనకు చెప్పవలెనని యామెను వేడుకొనియుండెను.

ఆ యుదయమున పంక్తుల రహస్యము విప్పి చూడగా రెండింటను వ్యాధి సమముగనే వ్యాపించియుండెను. కాదంబినీదేవి వసారాలో వేచియున్న నాయుని జేరి “ఫలితం తేలిందండీ నాయుడుగారూ, తేడా ఏమీ లేదు” అనియెను.

ఒంట నలత పుట్టిన ‘తేడా చేసినది’ యనుట యతని పల్లెవాడుక. కావున నతడు చేతులు జోడించి కన్నీరు గార్చుచు “నా గుంట పైడితల్లికి తేడా నేదా తల్లీ! అయితే ఇంటికి తోలుకెలిపోతానమ్మా!” అని లేచెను.

ఆ ముఖమున వెలిగిన సంతోషమును జూచి తన మాట నతడు వేఱుగ గ్రహించెనని యామెకు దెలిసెను. తా నూరకున్నచో బిడ్డకు మందు దూరమగును. నోరు విప్పినచో తండ్రికి ఆశ దూరమగును. తుదకు తలవంచుకొని యామె యిట్లు పలికెను. “పాప సంగతి కాదండీ, నేనన్నది ఎలుకల సంగతి. కరెంటున్న చోటా లేని చోటా అవి ఒక్కలాగే జబ్బుపడ్డాయి. పాపని తీసుకుపోవద్దు. నొప్పి తెలియకుండా ఉండటానికైనా మందు పడాలి.”

నాయుడు గోడకు జేరగిలబడి నేలపై చతికిలబడెను. వాన హోరున గురియుచుండెను. అతడు తల యెత్తి యామెతో నిట్లనెను.

“ఇన్నాళ్లూ ఆ తీగల్ని తిట్టుకుంటూ బతికినానమ్మా. ఇకనించి ఎవుల్ని తిట్టుకోవాల?”

కారణమెఱుగని దుఃఖమునకు శత్రువైనను తోడుండడని యానాడు కాదంబినీదేవికి దెలియవచ్చెను. పండితసభలయందు జంకక ప్రసంగింపనేర్చిన యామె యతనిచెంత నా తడినేలపైనే కూర్చుండిపోయెను.