చెమట గట్టు

గార్ల దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న రేగుల తండాలో పొలాల మధ్య హద్దురాళ్లు ఉండవు. పొద్దున్నే చేనుకు పోయినవాళ్లు ముందు గట్టు చూసుకుంటారు. గట్టు పొడుగునా సీతాకోకచిలుకలు బారుగా వాలి ఉంటాయి. ఎవరి చెమట పడ్డ మట్టి మీద వాళ్ల సీతాకోకలు వాలి ఆ ఉప్పు పీలుస్తాయి. పరాయి మనిషి దగ్గరికొస్తే లేచిపోతాయి. సొంత మనిషి వస్తే కదలవు, పైగా పాదాల మీదికి ఎక్కుతాయి. హద్దు తగాదా వచ్చిందంటే తండా నాయక్ గోప్యా చేసే పని ఒక్కటే, ఇద్దర్నీ ఆ బారు వెంట నడిపించడం. "రాయి జరుగుతది, చెమట జరుగదు" అంటాడాయన. దాంతో పంచాయితీ ముగిసిపోతుంది, ఎవరి పనికి వాళ్లు పోతారు.

మోతీ చేను అడవి అంచునే ఉంటుంది. పట్టా లేని పోడు భూమి. మొగుడు చత్రు నిరుడు ఎండాకాలం అదే చేనులో వడదెబ్బకు పడిపోయి మళ్లీ లేవలేదు. అప్పట్నుంచి దుక్కీ తనదే, కలుపూ తనదే. అసలే మోతీది అనుమానపు ప్రాణం. పాలవాడు నవ్వితే నీళ్లెన్ని కలిపాడోనని చెంబులోకి తొంగి చూసే మనిషి. ఒంటరిదయ్యాక ఆ గుణం ఇంకా ముదిరింది.

అట్లాంటి మనిషి చేను గట్టు మీదికి ఆదివారం ఆదివారం స్రవంతి రావడం మొదలుపెట్టింది. స్రవంతి మానుకోటలో కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. సెలవు రోజు స్కూటీ వేసుకుని వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్‌తో సీతాకోకల ఫొటోలు తీసుకుంటుంది. జనగామ దిక్కు ఒకాయన, భూపాలపల్లి దిక్కు ఇద్దరు, గార్ల దిక్కు తను, ఇట్లా కొందరు కలిసి ఈ పని పెట్టుకున్నారట. గట్టు సంగతి గోప్యా చెబితే, "గందుకేనా గిన్ని రకాలు ఒక్క తావున దొరుకుతున్నయి" అని మళ్లీ ఫోన్ ఎత్తింది.

మోతీ ఊరుకోలేదు.

"జీతమెంత ఇస్తరు నీకు?"

"జీతమేం లేదక్కా. ఇష్టమై చేస్తున్నం. ఏది యాడ ఉన్నదో రాసిపెట్టుకుంటే కాపాడుకోవచ్చని."

"ఎవల నుంచి కాపాడుతరు?"

స్రవంతి ఫోన్ దించింది. "మన నుంచే అక్కా."

ఆ మాట మోతీకి ముల్లులా దిగింది. ఒక ఏడు ఎవరో ఇట్లాగే చెట్లు రాసుకుంటూ వచ్చారు. నెల తిరక్కుండా ఫారెస్టు వాళ్ల కందకం తవ్వే మిషన్ వచ్చి పక్క తండా చేలను సగానికి చీల్చింది. ఇవాళ సీతాకోకలు, రేపు కంచె. జీతం లేకుండా ఎండలో తిరిగే మనిషి ఎక్కడైనా ఉంటుందా?

ఆ మీది ఆదివారం ఇంకో ఘోరం చూసింది. గట్టుకు అవతల చేనున్న మరిది ప్రేమ్‌సింగ్ గట్టు మీద నిలబడి స్రవంతికి ఏదో చూపిస్తున్నాడు. అన్న చచ్చిన రోజు ప్రేమ్‌సింగ్ కంట్లో తడి లేదు. ఆ తర్వాత మాత్రం గట్టును ఆనుకుని ఉన్న ఆమె చేని తునక ఇవ్వమని, బదులుగా తన బావి పక్క భూమి తీసుకొమ్మని వెంటపడ్డాడు. బావి పక్క భూమిని బుద్ధున్నవాడెవడైనా వదులుకుంటాడా? ఇందులో ఏదో మతలబు ఉందని మోతీ ఎప్పుడో తేల్చుకుంది. ఇప్పుడు ఇద్దరూ ఒక్కటయ్యారని కూడా తేలిపోయింది.

సీతాకోకలే లేకపోతే రాసుకునేదేముంది? రాసుకునేదే లేకపోతే కంచె దేనికి? శనివారం సాయంత్రం మోతీ పత్తికి కొట్టే మందు పంపులో కలుపుకొని, గట్టుకు తన వైపు పొడుగునా కొట్టింది. ఆ తండాలో అంతకుముందు ఎవరూ ఆ పని చేయలేదు. తన హద్దును తన చేత్తో చెరుపుకునే మనిషి ఉంటుందని ఎవరికి తోస్తుంది?

తెల్లారి చూస్తే గట్టు నిండా రాలిన రెక్కలే. అవతలి అంచున ప్రేమ్‌సింగ్ సీతాకోకలు మాత్రం ఎప్పటిలాగే వాలి ఉన్నాయి. దుక్కికని ట్రాక్టర్ తెచ్చిన ప్రేమ్‌సింగ్ అది చూసి గోప్యాను పిలిపించాడు.

"చెమట లేని భూమికి మనిషి లేడు మోతీ," అన్నాడు గోప్యా, బాధపడుతూనే. "చీకటయ్యేదాక చూస్త. ఒక్కటన్న వాలకపోతే తునక ప్రేమ్‌సింగ్‌దే. తాతల నాటి కట్టడి, నేను పెట్టింది కాదు."

మోతీ పార పట్టింది. పొద్దంతా గట్టు మీద తవ్వింది. చెమట ధారలు కట్టింది. సీతాకోకలు వచ్చాయి కూడా. గాలిలో తచ్చాడి, మందు వాసన తగలగానే మళ్లిపోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది ఆమె పని.

రాత్రిపూట వెలుగుకు వచ్చే దీపం పురుగులను కూడా చూస్తానని ముందే చెప్పినట్టు, సాయంత్రం స్రవంతి తెల్లగుడ్డ, బ్యాటరీ లైటు మోసుకుని వచ్చింది. రాలిన రెక్కలు చూసి అక్కడే కూలబడింది. ఒక రెక్క ఏరి అరచేతిలో పెట్టుకుంది.

"టేకుమట్ల దగ్గర మాది. మా ఊర్ల ఇవి ఎప్పుడు పోయినయో ఎవరికీ తెల్వదు. పోయినంక యాదికొచ్చినయి. గందుకే తిరుగుతున్న అక్కా, నాకు ఇంకేం లేదు."

మోతీ ఆమె ముఖంలోకి చూసింది. ఈ మాట నమ్మాలో వద్దో తెలియలేదు. అయినా ఇక పోవడానికి మిగిలిందేముంది?

"దీపం పురుగులను చూస్తనంటివి గద, కట్టుకో," అంది.

చీకటి పడుతుండగా ఆ తునకలో గుడ్డ వేలాడింది, లైటు వెలిగింది. తండా అంతా వచ్చి నిలబడింది. అడవిలోంచి దీపం పురుగులు వచ్చాయి, బూడిద రంగువీ, పసుపువీ. వచ్చినవి గుడ్డ మీద వాలలేదు. లైటును దాటిపోయి గట్టు కింద, మందు పడని లోపలి అంచున, చివరి దాకా బారు తీరి వాలాయి.

గోప్యా ఆ బారు వెంట నడిచాడు. అన్నీ లేచిపోయి, మళ్లీ వాలాయి. మోతీని నడవమన్నాడు. ఒక్కటీ కదలలేదు. ఆయన వంగి మట్టిని నాలుక మీద వేసుకున్నాడు.

"గిది చెమట తావు కాదు, కన్నీళ్ల ఉప్పు. గీడ కూసుండి ఏడ్చినవా బిడ్డా?"

మోతీ అవునని తల ఊపింది. బాట మీద పోయేవాళ్లకు కనబడకుండా, గట్టుకు ఆనుకుని కూర్చుని ఏడ్చిన సాయంత్రాలు ఎన్నో. ఎవరికీ చెప్పలేదు.

"చెమటైనా కన్నీళ్లయినా మనిషి ఉప్పే. తునక మోతీదే," అన్నాడు గోప్యా.

అప్పుడు చూశారందరూ. తునక నడిమధ్యన ఇంకొక గుంపు వాలి ఉంది. మోతీ దగ్గరికి పోతే అవి భగ్గున లేచాయి. ఆమె అనుమానం కూడా వాటితోపాటే లేచింది.

"గవి ఎవలియి?"

ప్రేమ్‌సింగ్ ట్రాక్టర్ పక్కనుంచి కదలలేదు. "నువ్వు నడువు," అన్నాడు గోప్యా. తప్పదని నడిచాడు. దీపం పురుగులు దిగివచ్చి అతని పాదాలను కప్పేశాయి. అది చత్రు పడిపోయిన చోటు.

"నీ కండ్లల్ల తడే సూడలేదు నేను," అంది మోతీ.

"అందరు దవాఖానకు ఉరికినంక గీడనే ఉన్న వదినా. అటెన్క కూడా వచ్చేటోన్ని, నువ్వు లేనప్పుడు." వంగి పక్కనున్న మట్టిని తడిమాడు. "అన్న పడ్డ తావుల మిర్ప పెట్టి మందులు కొడ్తవని తునక అడిగిన. నోరు తెరిచి చెప్పుకోరాలే."

మోతీ అతని పాదాల వైపు చూసింది. ఇన్నాళ్లూ ఈ మనిషిని ఎన్ని మాటలు అనుకుంది!

"కట్టడి ప్రకారం గంత తావు నీదే," అంది చివరికి. "దున్నకు. నేను మందు కొట్ట. దాని మానాన దాన్ని పెరగనిద్దాం." తర్వాత స్రవంతి వైపు తిరిగింది. "నువ్వు పురుగులను రాసుకో. మమ్ముల రాయకు."

"రాయనక్కా," అని స్రవంతి లైటు ఆర్పేసింది. దీపం పోయినా పురుగులు పోలేదు. ప్రేమ్‌సింగ్ అక్కడే చతికిలబడ్డాడు. మోతీ పోయి అతని పక్కన కూర్చుంది. ఇన్నాళ్లూ ఒకరికి తెలియకుండా ఒకరు ఏడ్చిన మనిషి కోసం వదినా మరిదీ మొదటిసారి కలిసి ఏడ్చారు.